రెండు చుక్కల దగ్గర మూడో దవడ

వెనక గది, కిటికీ పక్క బల్ల
జనవరి 8

వదినా,

వచ్చిందోచ్! నీ డ్రిల్లింగ్ మెషీను పొద్దున్నే వచ్చి నా గదిలో కూర్చుంది! మోసుకొచ్చిన ఇద్దరూ చెమటలు కక్కుతూ, "ఇందులో ఏనుగుని పెట్టారా అమ్మా?" అన్నారు. దానికి కిటికీ పక్కన చోటిచ్చి, కుట్టుమిషను వంటింట్లోకి తోసేశాను. రెండుసార్లు తుడిచాను, మూడోసారి ఊరికే ముద్దొచ్చి తుడిచాను.

ఫోన్ చేసి గంట వాగేదాన్నే. నీ చెవులకి ఫోన్ పనికిరాదు కదా, అందుకే ఈ కాగితాల పని. పాతికేళ్ళు ఆ వర్క్‌షాపు మోతలో ఫిట్టర్‌గా నిలబడ్డందుకు దక్కిన బహుమానం!

"నా చేతులు అయిపోయాయి, వణుకుతున్నాయి, దీన్ని నా కళ్ళముందు నుంచి పట్టుకుపో" అని నువ్వు రాసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పొద్దూ, మెషీను వస్తోందని సంతోషమూ వేసింది. తిట్టుకో.

దీనితో నాకు పెద్ద పనే పడింది. చూపులేని పిల్లల బడి ఉంది కదా, అక్కడ లెక్కల టీచరమ్మ పన్నెండు చెక్క పలకలు కావాలంది. ఒక్కోదానికి వంద బెజ్జాలు. పిల్లలు వాటిలో పుల్లలు గుచ్చి, వేళ్ళతో తడుముతూ లెక్కపెడతారు. వేలు తగలగానే పుల్ల కదిలిందా, లెక్క పోయినట్టే. ఆవిడకీ చూపు లేదు. ఆవిడ పరీక్ష ఏమిటో తెలుసా? వంద పుల్లలూ గుచ్చి, పలకని తలకిందులు చేసి ఊపుతుంది. ఒక్కటి రాలినా పలక వాపసు. ఏప్రిల్ రెండుకి బడిలో కొత్త తరగతులు మొదలు, అప్పటికి ఇచ్చెయ్యాలి.

మొదటి పలక చేశాను. ఊపాను. అరవై మూడు రాలాయి!

బిట్టు తిరుగుతుంటే మొన ఒకచోట ఉండటంలేదు, చిన్న సున్నా చుడుతోంది, బెజ్జం వదులైపోతోంది. బిట్టుని పట్టి ఉంచే ఆ చక్కు లోపల ఏదో తేడా ఉంది వదినా. విప్పి చూడనా?

నీ పిచ్చుక


మేడమీద వాటా
జనవరి 17

పిచ్చుకా,

విప్పితే చేతులు విరగ్గొడతాను.

ఆ చక్కుని కట్టింది నేను. కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పూసి, నా చేతులతో బిగించాను. ఆ తర్వాత దాన్ని ఎవరూ విప్పలేదు. లోపం ఇంకెక్కడైనా ఉండొచ్చుగానీ అందులో ఉండదు. బిట్టు వంగిందేమో చూడు. బల్ల కదులుతోందేమో చూడు. ముందు నీ తొందర చూసుకో. పిండి రుబ్బినట్టు పిడి లాగితే బెజ్జం గుండ్రంగా రమ్మన్నా రాదు.

ఇవన్నీ నేనూ చూసుకున్నదాన్నే. పిల్ల పురుటికని మూడు నెలలు సెలవుపెట్టి వెళ్ళాను గుర్తుందా? తిరిగొచ్చాక, పనిలో చేరేముందు చేయి ఆడించుకుందామని ఇంట్లో ఒక ఇనపపట్టీకి బెజ్జం వేశాను. గుండ్రంగా కాక అడ్డంగా వచ్చింది. బిట్టు మార్చాను. బెల్టు మార్చాను. స్పిండిలు చూశాను, బేరింగులు చూశాను. వారం రోజులు వేశాను. అన్నీ బాగానే ఉన్నాయి, బెజ్జమే బాగాలేదు. ఇంక మిగిలింది ఎవరు? నేను. చెవులు ఎలాగూ పోయాయి, చేతులు మాత్రం ఎన్నాళ్ళుంటాయి? ఫోర్‌మన్ చేత అనిపించుకోవడం ఎందుకని నేనే రానని చెప్పేశాను. రెండేళ్ళయింది. మళ్ళీ ఆ ఊసు ఎత్తకు.

చక్కు జోలికి వెళ్ళకు.

వదిన


వెనక గది
జనవరి 26

వదినా,

బిట్టు కొత్తది కొన్నాను. బల్లని నాలుగు బోల్టులతో నేలకి బిగించాను, ఇప్పుడు ఇల్లు కదిలినా అది కదలదు. పిడిని పసిపిల్లని దించినట్టు దించాను. రెండో పలక ఊపాను. యాభై ఎనిమిది!

ఇంతకీ నాకొక సంగతి చెప్పు. బెజ్జం అడ్డంగా వస్తే నీ చేతులు వణుకుతున్నట్టా? మరి అదే మెషీను మీద నాకూ అలాగే వస్తోంది కదా, నావీ వణుకుతున్నాయా? ఇందాకే కూర్చుని సూదిలో దారం ఎక్కించాను. ఒక్కసారికే ఎక్కింది!

ఇంకో తమాషా చూడు. మెషీను ఆపి, బిట్టు తీసేసి, చక్కుని కీతో పూర్తిగా మూశాను. బిట్టుని కరిచిపట్టే మూడు దవడల మొనలూ ఒక్కచోట కలవాలి కదా? రెండు కలవకుండా అటొకటి ఇటొకటి నిలబడ్డాయి. పోట్లాడుకున్న తోడికోడళ్ళలా మొహాలు తిప్పుకుని ఉన్నాయి వదినా!

నేను విప్పుతున్నాను. ఎలా విప్పాలో నువ్వు చెబితే సరిగ్గా విప్పుతాను, చెప్పకపోతే సుత్తితో విప్పుతాను. నీ ఇష్టం. పదిరోజులు ఆగుతాను.

పిచ్చుక


మేడమీద వాటా
ఫిబ్రవరి 3

మొండిఘటమా,

సుత్తి అన్న మాట చదివి నాకు అన్నం సయించలేదు. అందుకని రాస్తున్నాను, నీమీద ప్రేమ కారిపోయి కాదు.

మొనలు తేడాగా ఉండటం నేనూ చూశాను. అరిగాయనుకున్నాను. ముసలిదైపోయింది, నాలాగే, అనుకున్నాను.

సరే, విను. ముందు ప్లగ్గు పీకు. మొన సన్నగా ఉన్న ఇనపముక్కలు రెండు తీసుకుని, చక్కుకీ దాన్ని తిప్పే స్పిండిలుకీ మధ్య సందులో చెరోపక్కా పెట్టి మెల్లగా తట్టు. చక్కు ఊడి చేతిలో పడుతుంది. కింద గుడ్డ పరువు, కాలిమీద పడితే నన్ననకు.

కీతో దవడల్ని వెనక్కి తిప్పు, మొనలు చక్కు నోట్లోపలికి వెళ్ళేదాకా. ఇది మర్చిపోయావా, నొక్కేటప్పుడు దవడలు విరుగుతాయి. పళ్ళున్న పైతొడుగు ఉంది కదా, అది లోపలి ఒంటిమీద బిగుతుగా దిగి ఉంటుంది. దాని వెనక అంచుకి ఒక పైపుముక్క ఆనించు. నోటివైపు, ఒంటికి మాత్రమే తగిలేలా, చిన్న రింగు పెట్టు. మొత్తాన్నీ వైస్‌లో పట్టి బిగించుకుంటూ పో. కొంతసేపు ఏమీ జరగదు. ఇంకొంచెం తిప్పితే "టప్" మంటుంది. భయపడకు. నాకు ఆ చప్పుడంటే చాలా ఇష్టంగా ఉండేది. ఇప్పుడైతే వైస్ మీద చేయి పెట్టుకుంటే తెలుస్తుంది, అరచేతిలో చిన్న దెబ్బ కొట్టినట్టు.

తొడుగు జారాక లోపల రెండు ముక్కల నట్టు ఉంటుంది. విరిగిందని గగ్గోలు పెట్టకు, దాన్ని విరగ్గొట్టే చేస్తారు. అది తీస్తే దవడలు బయటికొస్తాయి. ఒక్కోదాని మీద అంకె ఉంటుంది, ఒకటి, రెండు, మూడు. అవి చూడ్డానికి ఒకలాగే ఉన్నా మరలు వేరు, దేని బెజ్జం దానిదే. మారితే మొనలు కలవవు. అందుకే నేను కట్టిన ప్రతి చక్కుకీ బెజ్జం పక్కన పంచ్‌తో చుక్కలు పెడతాను. ఒకటికి ఒక చుక్క, రెండుకి రెండు, మూడుకి మూడు. వర్క్‌షాపులో ఇంకెవరికీ ఈ అలవాటు లేదు. తీసేటప్పుడే ఏది ఎక్కడినుంచి వచ్చిందో కాగితం మీద రాసుకో.

ఇంతా రాశాక నా వేళ్ళు దురద పెడుతున్నాయి. ఏం మాయరోగమో.

వదిన


వెనక గది
ఫిబ్రవరి 12

వదినా! వదినా! వదినా!

టప్ మంది!

నేను కెవ్వుమన్నాను, పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది. కాళ్ళు నేలమీద ఆగటంలేదు! ఇన్నాళ్ళూ అదొక ఇనపముద్ద అనుకున్నాను. లోపల ఎంత చక్కటి ఏర్పాటు వదినా! నట్టు ముక్కలు రెండూ కలిపి పట్టుకుంటే విరిగిన గీత కూడా కనబడలేదు, వెంట్రుక కూడా దూరదు. దవడలు ఏటవాలుగా జారుకుంటూ వచ్చాయి. నువ్వు ఇలాంటివాటితో పాతికేళ్ళు గడిపావా? నీమీద నాకు అసూయగా ఉంది!

నువ్వు చెప్పినట్టే రాసుకున్నాను, ఇదిగో:

ఒక చుక్క బెజ్జంలోంచి ఒకటో దవడ.
రెండు చుక్కల బెజ్జంలోంచి మూడో దవడ.
మూడు చుక్కల బెజ్జంలోంచి రెండో దవడ.

భూతద్దం పెట్టి నాలుగుసార్లు చూశాను, అంతే. ఇదేమైనా కిటుకా? అరిగిన చక్కుకి ఇలా మార్చి వేస్తారా?

ఇంకొకటి. గ్రీజు పూశానన్నావు, అది నల్లగా ఉండాలి కదా. లోపల నలుపన్నది మచ్చుకైనా లేదు. తెల్లగా, ఎండిపోయి, గోడ సున్నంలా పెచ్చులు కట్టింది. నువ్వు ఏం పూశావు?

కడిగేసి మళ్ళీ కట్టెయ్యనా? పలకలు పిలుస్తున్నాయి!

పిచ్చుక


మేడమీద వాటా
ఫిబ్రవరి 18

పిచ్చుకా,

కడగొద్దు. కట్టొద్దు. ఎక్కడివక్కడ ఉంచు.

నేను తెల్లటిదేదీ పూయలేదు. దాన్ని గోటితో గీకి, వేళ్ళమధ్య నలిపి వాసన చూడు. ఏం వాసనో వెంటనే రాయి.

వదిన


వెనక గది
ఫిబ్రవరి 23

వదినా,

చూశాను. అనుమానం లేకుండా మూడుసార్లు చూశాను. అన్నయ్య వాసన.

నవ్వకు. చిన్నప్పుడు నా మోకాలు చెక్కుకుపోతే అన్నయ్య తన మందులషాపు నుంచి తెచ్చి రాసేవాడే, నొప్పుల ఆయింట్‌మెంటు, ముక్కు జిల్లుమనేది? అదే. పైగా మూడు చుక్కల బెజ్జంలో చిన్న దూదిపోగు కూడా దొరికింది. కవరులో పెట్టాను, చూడు.

వదినా, ఇది నేను అనుకుంటున్నదేనా?

పిచ్చుక


మేడమీద వాటా
మార్చి 2

పిచ్చుకా,

అదే.

నీ ఉత్తరం చదివి, దూదిపోగు అరచేతిలో పెట్టుకుని పావుగంట కూర్చున్నాను. మీ అన్నయ్య భోజనానికి వచ్చారు. మా ఇంట్లో నాతో ఏం చెప్పాలన్నా నోటుపుస్తకంలో రాస్తారు కదా, ఆ పుస్తకంలో నేనే రాశాను: "నేను పురుటికి వెళ్ళినప్పుడు నా చక్కు విప్పారా?" రాసి, దానిమీద దూదిపోగు పెట్టి ఆయన కంచం పక్కకి తోశాను.

ఆయన మొహం చూడాల్సింది. తేలు కుట్టిన దొంగలా అటు చూశారు, ఇటు చూశారు. తర్వాత పుస్తకం లాక్కుని రెండు పేజీలు రాశారు. నేను వచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామనుకున్నారట. నేను విప్పుతుంటే గుమ్మంలోంచి ఎన్నోసార్లు చూశారట, అదేం బ్రహ్మవిద్య అనుకున్నారట. షాపునుంచి ట్రే తెచ్చి, గాజుగుడ్డ పరిచి, పట్టకారుతో పట్టుకుని, స్పిరిట్‌లో దూది ముంచి తుడిచారట. ఆపరేషను చేశారన్నమాట నా చక్కుకి! గ్రీజైతే నా చేతులు నల్లబడతాయని ఆయింట్‌మెంటు పూశారట. చుక్కలు చూడలేదా అంటే, "తుప్పు మచ్చలనుకున్నా" అని రాశారు.

మరి చెప్పలేదేం? "నువ్వు తిప్పి చూసి, అబ్బ ఎంత మెత్తగా తిరుగుతోంది, ఎవరు చేశారు అంటావని ఎదురుచూశా. నువ్వు అనలేదు. బెజ్జం చూసి చేతులు చూసుకున్నావు. నీ పని నీకు తెలుసు, లోపం చేతులదంటే చేతులదే అనుకున్నా." అని ఊరుకోక వణుకుకి టానిక్ కూడా తెచ్చారు, పిచ్చుకా! రెండేళ్ళు! పూటకి రెండు చెంచాలు! చేదు! తాగాను!

ఒళ్ళు మండిపోయింది. పుస్తకం ఆయన మీదకి విసిరాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ తర్వాత ఏమయిందో తెలీదు, నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి, పిచ్చిదానిలా. నా చేతులు బాగున్నాయేమో! ఆ "ఏమో" నన్ను నిద్రపోనివ్వడంలేదు.

తప్పు ఆయనది ఒక్కరిదే కాదు. అన్నీ విప్పి చూశాను, అదొక్కటే విప్పలేదు. ఎందుకు? నేను కట్టానని. నా పనిని అంత నమ్మి, ఆ పని చేసిన చేతుల్ని మాత్రం నమ్మలేదు. ఇదెక్కడి తెలివో.

ఒక్కటి అడుగుతాను, ఎవరికీ చెప్పకు. దవడలు సరిగ్గా వేసి కట్టాక కూడా నా బెజ్జం అడ్డంగానే వస్తే? ఇప్పుడు ఆ "ఏమో" అయినా ఉంది. అప్పుడు అదీ ఉండదు.

వదిన

(ఇది నేను, అన్నయ్యని. చెల్లీ, ఆవిడ స్నానానికి వెళ్ళింది, గబగబా రాస్తున్నా. నోటుపుస్తకం దాచేసింది, రెండు రోజుల నుంచి నాతో రాతలో కూడా మాటల్లేవు. నిజంగా మంచి చేద్దామనే చేశానమ్మా. నువ్వు పిలిస్తే వస్తుంది. నేను పొమ్మంటే పోదు. పిలువు.)


వెనక గది
మార్చి 8

వదినా,

విను. నేను చక్కు కట్టను.

పలకలు పన్నెండూ కోసి, నునుపు చేసి, గళ్ళు గీసి గోడకి ఆనించాను. పుల్లలు పన్నెండు వందలు సీసాల్లో ఉన్నాయి. దవడలు మూడూ కిరసనాయిల్లో కడిగి, గుడ్డమీద వరసగా పడుకోబెట్టాను. నల్ల గ్రీజు డబ్బా కొత్తది పక్కనే ఉంది. ఏప్రిల్ రెండు దగ్గరికొస్తోంది. నువ్వు రాకపోతే టీచరమ్మకి పలకలు లేవు, నాకు పరువు లేదు, ఇంతే సంగతి. ఇది బెదిరింపే. నేను బెదిరిస్తున్నాను!

అడ్డంగా వస్తే అంటావా? వస్తే ఇద్దరం కూర్చుని ఏడుద్దాం. తర్వాత నేను పిడి లాగుతాను, నువ్వు పక్కన నిలబడి తిట్టు. అదీ పనే. కానీ ఒక్క బెజ్జమైనా వేసి చూడకుండా ఇంకో రెండేళ్ళు చేతులు కొంగులో దాచుకుని తిరుగుతానంటే నేను ఊరుకోను. ఎలా ఊరుకుంటాను వదినా? నాకు సుత్తి పట్టుకోవడం నేర్పిన చేతులవి!

పదహారో తారీఖు పొద్దున స్టేషన్లో ఉంటాను. రాకపోతే మళ్ళీ పదిహేడున ఉంటాను.

నీ పిచ్చుక


మీ చెల్లెలి వెనక గది
ఏప్రిల్ 1

ఏవండీ,

మీకు రాయకూడదనే అనుకున్నాను. ఇవాళ జరిగింది మీకు కాకుండా ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు, అందుకని రాస్తున్నాను. కోపం పోయిందని సంబరపడకండి, సగమే పోయింది.

వచ్చిన రోజు సాయంత్రమే చక్కు కట్టాను. ఒక చుక్కకి ఒకటి, రెండుకి రెండు, మూడుకి మూడు. నట్టు ముక్కలు చేర్చి, తొడుగు పెట్టి, వైస్ బిగించాను. అరచేతికి దెబ్బ తగిలింది. కీ తిప్పితే మూడు మొనలూ వచ్చి ఒక్కచోట ముడుచుకున్నాయి. సందులేదు. మీ చెల్లెలు ఎగిరి గంతేసి నన్ను వాటేసుకుంది.

కానీ పిడి పట్టుకోలేదండీ నేను. ఆ రోజు కాదు, మర్నాడూ కాదు. బల్ల తుడిచాను, బిట్లు సర్దాను, వంట చేశాను. మీ చెల్లెలు ఒక్కమాట అనలేదు. దానికి అది ఎంత కష్టమో మీకు తెలుసు.

మూడోరోజు పొద్దున కాఫీ తాగి తిన్నగా వెళ్ళి స్విచ్చి వేశాను. ఆలోచిస్తే వెయ్యలేనని తెలిసి, ఆలోచించకుండా వేశాను. పిడి దించాను. చెక్క తరుగు సన్నటి చుట్టలా లేచింది. మెషీను చప్పుడు వినబడదు కదా, అరచేతిలోకి వచ్చే అదురు బట్టి తెలుసుకోవాలి. ఆ అదురు ఒకే తీరుగా వచ్చింది. బిట్టు పైకెత్తి పుల్ల గుచ్చాను. బొటనవేలితో గట్టిగా నొక్కితేగానీ దిగలేదు. పలక తిప్పి ఊపాను. మీ చెల్లెలు ఊపింది. పక్కింటావిడని పిలిచి ఆవిడ చేత కూడా ఊపించింది!

ఆ పూట ఎన్ని వేశానో లెక్కపెట్టలేదు. మీ చెల్లెలు లెక్కపెట్టింది, నూట నలభై. అన్నానికి రమ్మని భుజం తట్టినా వెళ్ళలేదు. ఆకలి గుర్తులేదు, వయసు గుర్తులేదు. మీరూ గుర్తులేరు.

ఇవాళ టీచరమ్మ వచ్చింది. పన్నెండు పలకలూ ఒకదాని తర్వాత ఒకటి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమింది. వరస వెంట వరస, తొందరలేకుండా. తలకిందులు చేసి ఊపింది. ఒక్క పుల్ల కూడా రాలలేదు. మీ చెల్లెలు గాల్లో తేలుతోంది. టీచరమ్మ ఏదో అడిగింది. నాకు పెదాలు కదలటం కనబడిందిగానీ మాట అందలేదు. మీ చెల్లెలు కాగితం మీద రాసి చూపించింది: "ఈ బెజ్జాలు వేసిన చేయి ఎవరిది?"

నాది అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు, వీధిలోకి వినబడే ఉంటుంది.

ఆవిడ నావైపు చేయి చాచింది. ఆవిడ వేళ్ళకి పుల్ల కదిలితే తెలుస్తుంది, బెజ్జం అంచున గరుకు ఉంటే తెలుస్తుంది. నా చేతిలో ఏ మాత్రం వణుకున్నా ఆవిడ దగ్గర దాగదు. కొంగులోకి పోబోయిన చేతిని ఆపాను. ఆపి, తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

ఒక్కో వేలూ తడిమింది. అరచేయి తిప్పి తడిమింది. చాలాసేపు పట్టుకుంది. నేను లాక్కోలేదు. తర్వాత తల ఊపి, నవ్వి, మీ చెల్లెలితో ఏదో అంది. అది రాయడానికి కాగితం తీసుకుంటే నేనే వద్దన్నాను. నాకు తెలిసిపోయిందండీ.

మీ ఆవిడ